పరదేశమున మన డ్రైవింగు లైసెన్సు

కనీసమొకరైనను పరదేశమున లేని గ్రామము నేడు తెలుగునాట అరుదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి దుబాయికిని సౌదీకిని, కడప, రాజంపేట, కోనసీమలనుండి కువైటునకును ఖతరునకును పోవువారు తరములుగా పోవుచునే యున్నారు. చదువుకొరకును ఉద్యోగముకొరకును అమెరికా, ఇంగ్లండు, జర్మనీ, కెనడా దేశములకు వెళ్ళు యువతీయువకులు నేడు మారుమూల మండలములందును కానవచ్చుచున్నారు.

ఇట్లు వెళ్ళువారు పాసుపోర్టును వీసాను ప్రాణమువలె కాపాడుకొందురు. డ్రైవింగు లైసెన్సును మాత్రము జేబులో వేసికొని విమానమెక్కుదురు. పది సంవత్సరములు ట్రాక్టరు తోలినవానికి, లారీ తోలినవానికి, అక్కడ కారు తోలుట ఒక లెక్కా యని వారి ధైర్యము. తోలుట వచ్చినంతమాత్రమున చాలదు. ఏ దేశపు రోడ్డుపై బండి నడుచుచున్నదో ఆ దేశపు చట్టము మన లైసెన్సును ఎంతకాలము ఒప్పుకొనును, తరువాత ఏమి కోరును అనునది వేరే ప్రశ్న. దానికి సమాధానము తెలియకపోవుటవలన కొందరు జుల్మానాలు చెల్లించుకొనుచున్నారు. కొందరు ఉద్యోగములు పోగొట్టుకొనుచున్నారు. ప్రమాదము జరిగినచో అప్పుల పాలగుచున్నారు.

లైసెన్సు ఇచ్చునది రవాణాశాఖ గదా, పంచాయతీకి ఇందేమి పని యని సభ్యులు అడుగవచ్చును. ప్రయాణమునకు ముందు ధ్రువపత్రములకొరకు కుటుంబములు వచ్చునది పంచాయతీ కార్యాలయమునకే. దూరదేశమున కుమారుని పోలీసులు పట్టుకొనిరని వార్త వచ్చినపుడు తల్లిదండ్రులు మొదట పరుగెత్తుకొని పోవునదియు సర్పంచి ఇంటికో వార్డు సభ్యుని ఇంటికో. అప్పుడు చెప్పగలిగినది స్వల్పము. ముందుగా చెప్పగలిగినది చాల కలదు.

ఇంటర్నేషనల్ పర్మిట్టు చేయు పని

"ఇంటర్నేషనల్ లైసెన్సు" అను మాట మన ఊళ్ళలో విరివిగా వినబడుచున్నది. అట్టి లైసెన్సు ప్రపంచమున ఎక్కడను లేదు. ఉన్నది ఇంటర్నేషనల్ డ్రైవింగు పర్మిట్టు. మన లైసెన్సులోని వివరములను ఇతర దేశపు పోలీసులు చదువుకొనుటకు వీలుగా పలుభాషలలో తెలుపు పత్రమది. దానిని తర్జుమాగా భావించుట సరియైనది. మూలపు లైసెన్సు వెంట లేనిచో దానికి విలువ లేదు.

మన దేశమున ఈ పర్మిట్టును లైసెన్సు ఇచ్చిన రవాణాశాఖ కార్యాలయమే ఇచ్చును. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలోని 4-ఏ ఫారమున దరఖాస్తు చేయవలెను. రుసుము 1,000 రూపాయలు. పర్మిట్టు ఒక సంవత్సరమునకు మించి చెల్లదు. అంతకు ముందే లైసెన్సు గడువు తీరినచో పర్మిట్టు గడువును దానితోనే తీరును. దేశమంతట ఒకే తీరున నుండునట్లు 2022 ఆగస్టులో కేంద్రప్రభుత్వము దీని నమూనాను మార్చి, నిజానిజములు పరీక్షించుటకు వీలగు క్యూఆర్ గుర్తును చేర్చినది. విదేశమున ఉండగా గడువు తీరినవారు అక్కడి భారత రాయబార కార్యాలయము ద్వారా మరల పొందు వీలు 2021 జనవరిలో కలిగినది.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. మోటారు కార్లు కొత్తగా వచ్చిన కాలముననే, 1909లో, కొన్ని దేశములు పారిస్ నగరమున సమావేశమై సరిహద్దులు దాటు వాహనములకును వానిని నడుపువారికిని ఒక పత్రమును ఏర్పరచినవి. తరువాత 1949లో జెనీవాలోను, 1968లో వియన్నాలోను ఒడంబడికలు జరిగినవి. భారతదేశము ఈ రెండింటను చేరియున్నది. మన లైసెన్సును పర్మిట్టుతో చూపినచో అనేక దేశములలో కారు నడుపనిచ్చుటకు ఆధారము ఈ ఒడంబడికలే.

అయితే వియన్నా ఒడంబడికలో, 41వ అధికరణమున, ఒక మినహాయింపు కలదు. తన నివాసమును ఒక దేశమునకు మార్చుకొన్న వ్యక్తియొక్క పాత లైసెన్సును గుర్తింపవలసిన బాధ్యత ఆ దేశమునకు లేదని దాని సారాంశము. ఈ మినహాయింపు తెలిసినచో తక్కిన సంగతులన్నియు సులభముగా బోధపడును. చుట్టపుచూపుగా వచ్చినవానికి చేయు మర్యాద వేరు. కాపురమునకు వచ్చినవాడు ఆ ఇంటి పద్ధతికి లోబడవలసినదే. పర్మిట్టు చుట్టమునకు పనికివచ్చును. ఉద్యోగపు వీసాతోనో, చదువు వీసాతోనో పోయి అక్కడ గది అద్దెకు తీసికొన్న మన యువకుడు చట్టము దృష్టిలో చుట్టము కాడు. అతని పర్మిట్టుపై ఇంకను ఎన్నియో నెలల గడువు వ్రాసియున్నను, ఆ దేశము నివాసికి ఇచ్చిన గడువు తీరినపుడు అది పనికిరాని కాగితము.

మార్పిడి యనగా నేమి

స్థిరపడినవానికి కొన్ని దేశములు పాత లైసెన్సును తీసికొని, పరీక్ష లేకయే తమ లైసెన్సును ఇచ్చును. దీనినే మార్పిడి యందురు. ఇది సాధారణముగా ఇచ్చిపుచ్చుకొను పద్ధతిపై నడచును. ఏయే దేశములలో పరీక్షలు తమ పరీక్షలకు సమానమో చూచి ప్రతి ప్రభుత్వము ఒక జాబితా వ్రాసికొనును. జాబితాలోనివారికి మార్పిడి, లేనివారికి పరీక్ష. ఇంగ్లండు జాబితాలో జపాను, సింగపూరు, దక్షిణాఫ్రికా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్లు ఉన్నవి, భారతదేశము లేదు. జర్మనీ జాబితాలోను లేదు.

ఇందుకు నొచ్చుకొని ప్రయోజనము లేదు. లైసెన్సు పరీక్షను తంతుగా ముగించు అలవాటు మన ప్రాంతములలో బొత్తిగా లేదని మనము గట్టిగా చెప్పజాలము. మన రోడ్లపై ఎడ్లబండి, ఆటో, మేకలమంద, బస్సు ఒకదానివెంట ఒకటి పోవుచుండగా హారను మ్రోగించుచు నేర్పుగా దారి చేసికొని పోవువాడు మంచి డ్రైవరు. అక్కడ హారను మ్రోగించుట తిట్టుటతో సమానము. అద్దములు చూచుట, భుజముమీదుగా తల త్రిప్పి చూచుట, ఖాళీ రోడ్డుపైనను గీతయొద్ద ఆగుట, కాలినడకవానికి దారి విడుచుట పరీక్షలో ముఖ్యములు. ఇరువది సంవత్సరముల అనుభవముగల మన డ్రైవర్లు మొదటి పరీక్షలో తప్పుటకు చేతగానితనము కారణము కాదు. చేతికి పట్టిన అలవాటే కారణము. కావున అనుభవమున్నదను ధీమాతో పరీక్షకు పోక, అక్కడి శిక్షకునియొద్ద కొన్ని పాఠములైనను తీసికొనుడని వెళ్ళువారికి చెప్పుట మంచిది.

ఇంగ్లండు, జర్మనీ దేశముల పద్ధతి

ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో నివాసమేర్పరచుకొన్న నాటినుండి 12 నెలలవరకు మన లైసెన్సుతో కారు నడుపవచ్చును. ఆ తరువాత అది చెల్లదు. 12 నెలలు గడచిన మరునాడు ఉదయము కారు తీసినవాడు, అంతకు ముందు ఎన్ని సంవత్సరములు నడిపినవాడైనను, లైసెన్సు లేనివాడే యగును. లైసెన్సు చెల్లనిచో భీమాయు చెల్లకపోవచ్చును. భీమా లేక నడుపుట అక్కడ చిన్న నేరము కాదు: 300 పౌనుల జుల్మానాయు, లైసెన్సుపై 6 దోషాంకములును పడును, వాహనమును పోలీసులు స్వాధీనము చేసికొనవచ్చును.

ఈ 12 నెలలను మనవారు సెలవువలె భావించుటయే చిక్కు. దానిని సన్నాహపు గడువుగా భావింపవలెను. మొదట ప్రొవిజనల్ లైసెన్సు, అనగా మన ఎల్.ఎల్.ఆర్. వంటిది, తెప్పించుకొనవలెను. తరువాత కంప్యూటరుపై థియరీ పరీక్ష. అందు 50 ప్రశ్నలకు 43 సరియగు సమాధానములు వ్రాయవలెను. అదేగాక రోడ్డుపై రాబోవు అపాయమును ముందుగా గుర్తించు చలనచిత్ర పరీక్షయందు 75కు 44 మార్కులు రావలెను. 2014 వరకు ఈ పరీక్షను కొన్ని విదేశీ భాషలలో వినుటకు వీలుండెను. ఆ సంవత్సరము దానిని తీసివేసిరి. ఇంగ్లీషు చదువుట రానివారు, ముఖ్యముగా బిడ్డలవెంట పోవు తల్లిదండ్రులు, దీనిని గమనింపవలెను. కడపట రోడ్డుపై సుమారు 40 నిమిషముల పరీక్ష. పెద్ద తప్పు ఒక్కటి చేసినను, చిన్న తప్పులు 15 మించినను పోయినట్లే. ఈ పరీక్షకు తేదీ దొరకుట కష్టము. కొన్ని పట్టణములలో నెలల తరబడి నిరీక్షింపవలసి వచ్చుచున్నది. పదునొకండవ నెలలో మేల్కొన్నవానికి తేదీ గడువు దాటిన తరువాతనే దొరకును. అప్పటినుండి అతడు కారుకు ఎల్ బోర్డు తగిలించి, ప్రక్కన అనుభవముగల లైసెన్సుదారుని కూర్చుండబెట్టుకొని నడుపవలసియుండును.

ఆటోమేటిక్ గేరు కారుపై పరీక్ష ఇచ్చినవానికి అట్టి కారు నడుపుటకే లైసెన్సు వచ్చును. గేర్ల కారు నడుపుటకు మరల పరీక్ష ఇయ్యవలెను. వ్యానులపై ఉద్యోగము చేయదలచినవారు దీనిని ముందుగానే ఆలోచించుకొనవలెను.

జర్మనీలో గడువు ఇంకను చిన్నది. నివాసము ఏర్పడిన నాటినుండి 6 నెలలే. తరువాత మన లైసెన్సును ఆ దేశపు లైసెన్సుగా మార్చుకొనుటకు థియరీ పరీక్ష, రోడ్డు పరీక్ష రెండును ఇయ్యవలెను. కంటి పరీక్ష, ప్రథమ చికిత్స శిక్షణ, లైసెన్సుకు తర్జుమా కావలయును. క్రొత్తగా నేర్చుకొనువానికివలె ఇన్ని పాఠములు విధిగా తీసికొనవలెనను నిర్బంధము మనవానికి లేదు. ఇదియే పాత లైసెన్సు చూపుటవలన కలుగు లాభము. అయినను రోడ్డు పరీక్షకు డ్రైవింగు స్కూలు ద్వారానే పోవలెను. థియరీ పరీక్ష జర్మను భాషలోనేగాక ఇంగ్లీషుతో కూడ 12 విదేశీ భాషలలో ఇయ్యవచ్చును. తెలుగు, హిందీ భాషలు వానిలో లేవు.

జర్మనీకి పోయినవారిలో కొందరు చేయు ఒక పని ఇచట చెప్పదగినది. లైసెన్సు లేక పోయి, సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినపుడు ఇక్కడ లైసెన్సు తీసికొని తిరిగిపోవుదురు. అది అక్కడ చెల్లదు. నివాసము జర్మనీలో ఉండగా మరియొక దేశమున సంపాదించిన లైసెన్సును వారు గుర్తింపరు. జపానులోను ఇట్టి నియమమే కలదు: లైసెన్సు వచ్చిన తరువాత ఆ లైసెన్సు ఇచ్చిన దేశమున కనీసము 3 నెలలు ఉండినట్లు చూపవలెను. తేదీలను పాసుపోర్టుపై ముద్రలతో సరిచూతురు. కావున లైసెన్సు తీసికొను ఉద్దేశమున్నవారు వీసాకు దరఖాస్తు చేయుటకు చాల ముందే తీసికొనుట మేలు.

జపానులో మార్పిడికై మనవారు ఇయ్యవలసిన పరీక్షను 2025 అక్టోబరులో కఠినము చేసిరి. పూర్వము 10 ప్రశ్నలుండగా ఇప్పుడు 50. సింగపూరు మనకు కొంత సులభమైన దేశము. కారు లైసెన్సును మార్చుకొనుటకు అక్కడి ప్రాథమిక థియరీ పరీక్షలో గెలిచిన చాలును. నెదర్లాండ్సులో ఒక వింత కలదు: విదేశమునుండి రప్పించిన నిపుణులకు ఇచ్చు 30 శాతపు పన్ను సడలింపు పొందినవాడు మన లైసెన్సును పరీక్ష లేక మార్చుకొనవచ్చును, ఆ సడలింపు లేని భారతీయుడు పరీక్ష ఇయ్యవలసినదే. అట్లు మార్చుకొన్న కార్డుపై 70 అను గుర్తు వేయుదురు. తరువాత యూరపులోని మరియొక దేశమునకు కాపురము మార్చినచో ఆ దేశము ఈ గుర్తు చూచి లైసెన్సును ఒప్పుకొనకపోవచ్చును.

గల్ఫు దేశములు

మన శ్రామికులకు ఎక్కువగా సంబంధించినవి గల్ఫు దేశములు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్లలో సందర్శకుడు పర్మిట్టుతో కారు నడుపవచ్చును. నివాసపు వీసా ముద్రపడిన భారతీయుడు నడుపరాదు. మన లైసెన్సుకు అక్కడ నేరుగా మార్పిడి లేదు. దుబాయిలో థియరీ, పార్కింగు, రోడ్డు పరీక్షలలో గెలువవలెను. మన లైసెన్సు, దానిపై గల అనుభవము చూపినవారికి విధిగా తీసికొనవలసిన శిక్షణ తగ్గును. 2023లో అక్కడి రవాణా అధికారులు "గోల్డెన్ ఛాన్సు" అను ఏర్పాటు చేసిరి. దాని ప్రకారము పాత లైసెన్సు గలవాడు పాఠములు లేకయే ఒక్కసారి నేరుగా పరీక్షకు పోవచ్చును. తప్పినచో అందరివలె శిక్షణలో చేరవలెను. కుడివైపున నడుచు రోడ్లకు అలవాటుపడక, వచ్చిన వారముననే ఆ ఒక్క అవకాశమును వాడుకొనుట డబ్బును పారబోసికొనుటయే.

2025 మార్చి 29నుండి అమలుకు వచ్చిన ఆ దేశపు క్రొత్త ట్రాఫిక్ చట్టము గుర్తింపు లేని విదేశీ లైసెన్సుతో నడుపువారికి మొదటి తప్పుకే 2,000 నుండి 10,000 దిర్హాముల జుల్మానా విధించును. ప్రమాదమున మనిషి మరణించినచో కుటుంబమునకు చెల్లింపవలసిన దియా, అనగా ప్రాణపరిహారము, 2 లక్షల దిర్హాములు. సక్రమమైన లైసెన్సున్నచో దానిని సాధారణముగా భీమా సంస్థ భరించును. లైసెన్సు లేనివాడు నడిపినచో ఆ సొమ్మును అతనినుండి రాబట్టుకొను హక్కు సంస్థకు కలదు. నెలకు రెండు మూడు వేల దిర్హాములు సంపాదించు కూలివాడు దానిని ఎట్లు తీర్చును? పొలమమ్మినను చాలదు. "మేస్త్రీ తోలమన్నాడు, రెండు ఫర్లాంగులే గదా" అని కంపెనీ పికప్పు ఎక్కినవాడు ఆ రెండు ఫర్లాంగులలో తన కుటుంబపు ఆస్తిని పణముగా పెట్టుచున్నాడు. ఈ మాట మాత్రము గల్ఫుకు పోవు ప్రతివానికి పంచాయతీ సభ్యులు స్వయముగా చెప్పవలెనని మా మనవి.

ఇంటి డ్రైవరు పనికి పోవువారి సంగతి వేరు. అక్కడికి చేరిన తరువాత యజమాని పరీక్షకు పంపి లైసెన్సు తీయించును. తప్పినచో ఏమగును? పరీక్ష ఖర్చు ఎవరిది? మరల ఎన్ని పర్యాయములు పంపుదురు? అంతవరకు జీతము వచ్చునా? ఈ నాలుగు సంగతులు ఒప్పందమున వ్రాతలో నుండవలెను. డ్రైవరుగా పోయి పరీక్ష తప్పి, తోటపనికో పశువుల పనికో పెట్టబడినవారికి చేత ఒప్పందము లేనిచో భారత రాయబార కార్యాలయమునకు మొరపెట్టుకొనుటకును ఆధారముండదు. ప్రభుత్వముచే నమోదైన ఏజెంటు ద్వారా పోయినవారికి ఈ ఒప్పందము దొరకును. తెలంగాణమున టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌న ఓమ్‌క్యాప్ అను ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగములకు మనుష్యులను పంపుచున్నవి. వానిని విచారించుట మంచిది.

అమెరికా, కెనడాలు

అమెరికాలో లైసెన్సు ఇచ్చునది కేంద్రప్రభుత్వము కాదు, రాష్ట్రములు. కావున "అమెరికాలో గడువెంత?" అను ప్రశ్నకు ఒక సమాధానము లేదు. మనవారు విరివిగా ఉన్న టెక్సాసులో క్రొత్తగా వచ్చి స్థిరపడినవాడు 90 దినములు నడుపవచ్చును. కాలిఫోర్నియాలో స్థిరపడిన 10 దినములలో దరఖాస్తు చేయవలెను. ఎక్కడనైనను వ్రాతపరీక్షయు రోడ్డు పరీక్షయు మనకు తప్పవు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున 60 దినముల గడువు. అక్కడ లైసెన్సు మూడు మెట్లుగా వచ్చును. క్రొత్తవానికి పైమెట్టు చేరుటకు చాలకాలము పట్టును. మన దేశమున రెండు సంవత్సరములకు పైబడి నడిపినవాడు వ్రాతపరీక్ష, కంటి పరీక్ష ముగించి నేరుగా పైమెట్టు పరీక్షకు పోవచ్చును. కాని ఒక సంవత్సరమునకు మించిన అనుభవమును నోటిమాటగా చెప్పిన ఒప్పుకొనరు; లైసెన్సు ఇచ్చిన కార్యాలయమునుండిగాని మన రాయబార కార్యాలయమునుండిగాని అధికార పత్రము కావలెను. ఈ పత్రమును బయలుదేరుటకు ముందు ఇక్కడి రవాణా కార్యాలయమున తీసికొనుట ఒకటి రెండు దినముల పని కావచ్చును. అక్కడినుండి తండ్రికో తమ్మునికో ఫోను చేసి తెప్పించుకొనుట నెలల పని.

బయలుదేరుటకు ముందు

మన లైసెన్సులలో సామాన్యముగా కానవచ్చు లోపము పేరు. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత. లైసెన్సుపై ఇంటిపేరును ఒక్క అక్షరముగా వ్రాయింతురు. పాసుపోర్టునందు అది పూర్తిగా, వేరు గడిలో ఉండును. రెండు కార్డులు చూచిన విదేశపు గుమాస్తాకు ఇరువురు మనుష్యులు కనబడుదురు. ఆడపడుచుల విషయమున వివాహానంతరము మారిన ఇంటిపేరు మరియొక చిక్కు. పాసుపోర్టులో ఉన్నట్లు లైసెన్సును సవరించుకొనుట ఇక్కడ ఉండగానే జరుగవలెను. పుట్టినతేదీయు అట్లే.

రెండవది లెక్కలోనికి ఎక్కుట. పూర్వము చేతితో వ్రాసి ఇచ్చిన పుస్తకపు లైసెన్సులు, తొలినాటి కార్డులు కొన్ని కంప్యూటరు లెక్కలోనికి ఎక్కలేదు. విదేశపు అధికారి లైసెన్సు నిజమా కాదా యని విచారించినపుడు దాని వివరములు దొరకవలెను. పరివాహన్ వెబ్‌సైటునందు లైసెన్సు అంకెయు పుట్టినతేదీయు వ్రాసినచో వివరము వచ్చునో రాదో ఎవరైనను చూడవచ్చును. పంచాయతీ కార్యాలయపు కంప్యూటరుపై ఇది కొద్ది నిమిషముల పని. రానిచో రవాణా కార్యాలయమునకు పోయి ఎక్కించుకొనవలెను.

మూడవది గడువు. 2019లో సవరించిన చట్టము ప్రకారము, 30 ఏండ్లకు లోబడినవానికి ఇచ్చిన సొంతవాహనపు లైసెన్సు అతనికి 40 ఏండ్లు నిండువరకు చెల్లును. 30 మొదలు 50 వరకు వయస్సుగలవానికి పదేండ్లు. లారీ, టాక్సీ వంటి వాహనములకు అయిదేండ్లే. గడువు తీరుటకు ఒక సంవత్సరము ముందునుండియే పునరుద్ధరణకు దరఖాస్తు చేయవచ్చును. గడువు తీరి ఒక సంవత్సరము దాటినచో మరల పరీక్ష ఇయ్యవలెను. మూడేండ్ల ఒప్పందముపై పోవువాని లైసెన్సు ఆ మధ్యన తీరునదియైనచో, ఆ సంగతి పోవుటకు ముందే ఆలోచించుకొనవలెను.

ఫోనులో డిజిలాకరునందలి లైసెన్సు మన పోలీసులకు చాలును. విదేశపు కార్యాలయములలో మూలపు కార్డే అడుగుదురు. అది ఇంట మరచిపోయినవారు ఎందరో! మరియొక సంగతి వాహనపు బరువు. మన లైసెన్సుపై ఎల్.ఎం.వీ. యనగా 7,500 కిలోల వరకు గల వాహనము. యూరపులో సాధారణ కారు లైసెన్సు 3,500 కిలోల వరకే. ఇక్కడ చిన్న లారీ నడిపినవాడు అక్కడ అదే బండిని అదే లైసెన్సుతో నడుపుదునని ఉద్యోగమునకు ఒప్పుకొనరాదు.

దళారుల మాట

ప్రపంచమంతట చెల్లునని, పదేండ్లు చెల్లునని, పరీక్ష లేక ఇంటికి పంపుదుమని చెప్పి ముద్రలు వేసిన పుస్తకములను అమ్ము దళారులు పట్టణములలోను ఫోను ప్రకటనలలోను కలరు. అవి అచ్చుకాగితములే. మన పర్మిట్టును ఇచ్చు అధికారము రవాణాశాఖకు తప్ప వేరెవ్వరికి లేదు. ఒక సంవత్సరమునకు మించి గడువు వ్రాసియున్నచో అది నిజమైనది కాదని వెంటనే తెలిసికొనవచ్చును. అట్టిది అక్కడ పోలీసులకు చూపినవానిపై లైసెన్సు లేదను నేరముతోబాటు దొంగపత్రము చూపిన నేరమును మోపబడవచ్చును. అది మరింత బరువైనది. గ్రామసభ జరుగు దినమున, విదేశమునకు పోవు కుటుంబములు వచ్చియున్నపుడు, ఈ సంగతి నాలుగు మాటలలో చెప్పినచో పలువురి డబ్బు నిలుచును.

తిరిగి వచ్చినవారు

మార్పిడి చేసికొనునపుడు పెక్కు దేశములు మన కార్డును తమయొద్ద ఉంచుకొనును. జర్మనీ ఆ విధముగనే చేయును. కావున కార్డు ఇచ్చివేయుటకు ముందు రెండు వైపుల ఛాయాచిత్రము తీసి ఇంటికి పంపి ఉంచవలెను. తిరిగి వచ్చినవాడు ఇక్కడ మొదటినుండి ఎల్.ఎల్.ఆర్. తీసికొని పరీక్షకు నిలువవలెనా యని అడుగుచుందురు. అక్కరలేదు. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 9వ విభాగమున, విదేశపు అధికారులు ఇచ్చిన చెల్లుబాటగు లైసెన్సు చూపినవానికి, అదే తరగతి వాహనమునకు, డ్రైవింగు పరీక్ష లేకయే లైసెన్సు ఇచ్చుటకు వీలు కల్పించినది. ఇతరులు మనపట్ల చూపని ఉదారత మన చట్టము చూపుచున్నది. విదేశపు కార్డు ఇంగ్లీషున లేనిచో తర్జుమా జతచేయవలెను. ఆ కార్డు గడువు తీరకముందే రవాణా కార్యాలయమునకు పోవలెను. దుబాయి వీసా రద్దు చేసికొని వచ్చి, కార్డును పెట్టెలో వేసి, గడువు తీరిన తరువాత దానిని తీసినవానికి ఈ సౌకర్యము ఉండదు.